మడ్ ఇల్లా, పిడ్ ఇల్లా, సిటీ ఇల్లా? టెక్సస్‌లో రోడ్డు అప్పు చూసి ఇల్లు కొనడం ఎలా

మోడల్ హోమ్‌లో అడుగుపెడితే కిచెన్ ఐలాండ్ గురించి, క్వార్ట్జ్ రంగుల గురించి అరగంట చెబుతారు. టాక్స్ రేటు సంగతి మాత్రం అడిగితేనే వస్తుంది, అదీ “మడ్ ఉంది, కానీ ఏటా తగ్గిపోతుంది” అన్న ఒక్క ముక్కలో. డాలస్‌కు ఉత్తరాన సెలైనా, ఆబ్రీ వైపు, హ్యూస్టన్‌కు పడమర కేటీ, ఫుల్షర్, సైప్రెస్ వైపు, ఆస్టిన్ పైన లియాండర్ వైపు ఇళ్లు చూస్తున్న తెలుగువాళ్లలో ఈ ముక్క వినని వాళ్లు తక్కువ. తగ్గుతుందన్నది నిజమే కావచ్చు. ఎప్పటినుంచి తగ్గుతుంది, ఆలోపు పెరగదా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

మీ ఇంటి ముందు రోడ్డుకీ, దాని కింద పైపులకీ అయిన ఖర్చు ఎవరో ఒకరు తీర్చాలి. టెక్సస్‌లో అది మూడు దారుల్లో మీ దగ్గరకు వస్తుంది. మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అయితే ఇంటి విలువ మీద ఏటా పన్నుగా వస్తుంది. పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అయితే మీ లాటు వాటా ఇంత అని ముందే తేల్చిన మొత్తంగా వస్తుంది. ఈ రెండూ లేని సిటీ ఇల్లయితే ఇంటి ధరలోనే కలిసిపోయి వస్తుంది. ఏది మంచిదో ఈ ఏడాది రేటు చూసి తేల్చకండి. ఇంకా ఎంత అప్పు తేవడానికి అనుమతి మిగిలి ఉంది, మీరు ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటారు అన్నవి చూస్తే, చాలామంది విషయంలో జవాబు అక్కడే దొరుకుతుంది.

మడ్ లోపల జరిగేది

నగర హద్దుల బయట పొలం ఉంటుంది. నీళ్లు, మురుగు పైపులు, రోడ్లు ఏవీ ఉండవు, కౌంటీ వేయదు. డెవలపర్ అక్కడ ఒక మడ్ ఏర్పాటు చేయించి, ముందు తన డబ్బుతో పనులు చేస్తాడు. ఇళ్లు లేచి పన్ను వేయదగిన విలువ పెరిగాక డిస్ట్రిక్ట్ బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి, ఆ డబ్బుతో డెవలపర్‌కు ఖర్చు తిరిగి ఇస్తుంది. బాండ్ల అసలు, వడ్డీ ఇళ్లవాళ్ల పన్నులోంచి తీరుతాయి. ఇది ప్రైవేటు సంస్థ కాదు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అంతకన్నా కాదు. ఐదుగురు డైరెక్టర్ల బోర్డుతో నడిచే ప్రభుత్వ సంస్థ, పన్ను వేసే అధికారం దానిది.

ఈ అధికారానికి మూలం రెండు చోట్ల ఉంది. నీళ్లు, మురుగు, వాన నీటి పనులకు టెక్సస్ రాజ్యాంగంలో 1917లో చేర్చిన 16వ ఆర్టికల్ 59వ సెక్షన్. రోడ్లకు 1904 నాటి 3వ ఆర్టికల్ 52వ సెక్షన్. మడ్ పుట్టగానే రోడ్ల అధికారం దానంతట అది రాదు. రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టంతో ఇవ్వాలి, లేదా వాటర్ కోడ్ (రాష్ట్ర నీటి చట్టం) 54.234 కింద టెక్సస్ పర్యావరణ కమిషన్‌కు, అంటే టీసీఈక్యూకు, అర్జీ పెట్టి తెచ్చుకోవాలి. వచ్చాక డిస్ట్రిక్ట్ రోడ్డు వేయొచ్చు, దానికోసం బాండ్లు అమ్మొచ్చు, పూర్తయిన రోడ్డును కౌంటీకో సిటీకో అప్పగించొచ్చు. చాలాచోట్ల జరిగేది ఇదే: రోడ్డు కౌంటీది అవుతుంది, గుంతలు కౌంటీ పూడుస్తుంది, అప్పు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

రోడ్డు బాండ్లకూ నీటి బాండ్లకూ ఉన్న తేడా కొనేవాళ్లకు పనికొచ్చే విషయం. నీటి బాండ్లకు ఓటర్లలో మామూలు మెజారిటీ చాలు. రోడ్డు బాండ్లకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. పైగా రోడ్ల అప్పు డిస్ట్రిక్ట్‌లోని స్థిరాస్తి మదింపు విలువలో నాలుగో వంతు దాటకూడదు. వినడానికి ఇది గట్టి కట్టడిలాగే ఉంటుంది. కానీ నీటి బాండ్ల అమ్మకానికి ముందు ఆ ప్రాజెక్టు ఖర్చు సబబో కాదో టీసీఈక్యూ పరిశీలిస్తుంది, రోడ్డు బాండ్లకు ఆ పరిశీలన లేదు. అటార్నీ జనరల్ ఆఫీసు చట్టబద్ధత చూస్తుంది, అంతే. ఆ ఖర్చు అవసరమా అని అది అడగదు.

మరి ఆ మూడింట రెండు వంతుల ఓట్లు ఎవరివి? కాలనీ లేవకముందే ఎన్నిక జరిగిపోతుంది. చాలా డిస్ట్రిక్టుల్లో ఆ పొలంలో ట్రైలర్ వేసుకుని ఉన్న ఇద్దరో ముగ్గురో ఓటేసి కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఇల్లు కొన్న వేల కుటుంబాలు ఆ అప్పు తీరుస్తాయి. చట్ట ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. నాకైతే మింగుడుపడదు.

హైదరాబాద్‌లోనూ రోడ్లకు బాండ్లు అమ్మారు. 2018లో జీహెచ్ఎంసీ ఎస్ఆర్‌డీపీ అనే రోడ్ల పథకం ఫ్లైఓవర్ల కోసం 200 కోట్లు అలాగే తెచ్చింది. కానీ ఆ భారం కార్పొరేషన్ మొత్తం మీద పడుతుంది. మడ్‌లో అయితే మీ సబ్‌డివిజన్, దాని చుట్టుపక్కల ఇళ్లే మోయాలి. వెయ్యి ఇళ్లు వస్తాయని లెక్కవేసిన చోట నాలుగు వందలే వస్తే, ఆ నాలుగు వందల మందే కట్టాలి. ఎందుకంటే మడ్ బాండ్లకు హామీగా ఉండే పన్నుకు రేటులో గానీ మొత్తంలో గానీ చట్టపరమైన పరిమితి లేదు. 1980ల్లో ఆయిల్ ధరలు పడిపోయి హ్యూస్టన్ చుట్టూ బిల్డర్లు చేతులెత్తేసినప్పుడు, పన్నులు పెంచినా బాండ్ల వాయిదాలు కట్టలేకపోయిన మడ్‌లు ఉన్నాయి. అలాంటిది ఇప్పుడు మామూలుగా జరగదు. అసలు జరగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు.

“ఏటా తగ్గుతుంది” అన్న మాటలో నిజమెంత

మడ్ పన్నులో రెండు భాగాలుంటాయి: అప్పు తీర్చే భాగం, నిర్వహణ భాగం. కొత్త మడ్‌లో కొన్నిసార్లు మొత్తం రేటు నిర్వహణ కిందే కనిపిస్తుంది, అప్పు భాగం సున్నా. అది చూసి అప్పు లేదని సంబరపడితే పొరపాటే. బాండ్లు ఇంకా అమ్మలేదని దాని అర్థం. బాండ్లు వచ్చేకొద్దీ నిర్వహణ తగ్గి అప్పు భాగం పెరుగుతుంది, మొత్తం రేటు ఉన్నచోటే ఉంటుంది. ఇళ్ల విలువ పెరుగుతున్నా రేటు తగ్గదు, ఎందుకంటే పెరిగిన విలువను చూపించి కొత్త బాండ్లు అమ్ముతారు. డెవలపర్‌కు ఇవ్వాల్సింది పూర్తయ్యాకే నిజంగా తగ్గడం మొదలవుతుంది. కాలనీలో ఇంకా ఖాళీ ఫేజులు ఉంటే ఆ రోజు దగ్గర్లో లేనట్టే.

అందుకే నేను మొదట చూసేది కొనుగోలుదారుకు ఇచ్చే నోటీసు. వాటర్ కోడ్ 49.452 ప్రకారం మీరు కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకముందే అమ్మేవాళ్లు దీన్ని ఇవ్వాలి, ఇవ్వకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది. అందులో ప్రస్తుత రేటు, ఓటర్లు అనుమతించిన బాండ్ల మొత్తం, ఇప్పటిదాకా అమ్మినవి కనిపిస్తాయి. రోడ్ల బాండ్లుంటే వాటినీ వెతకండి. అనుమతించిన దాంట్లోంచి అమ్మింది తీసేయండి. మిగిలింది చాలా పెద్దదై, కాలనీ సగమే కట్టి ఉంటే, రేటు తగ్గే మాట ఇప్పట్లో మర్చిపోండి. కాలనీ పూర్తిగా కట్టేసి పదేళ్లు దాటి ఉంటే అదే సంఖ్యకు అంత భయపడక్కర్లేదు. అనుమతి ఉన్నంత మాత్రాన అంతా వాడాలని లేదు, చాలా డిస్ట్రిక్టులు వాడవు.

ఇంకాస్త లోతుగా చూడాలనుకుంటే డిస్ట్రిక్ట్ చివరిసారి బాండ్లు అమ్మినప్పుడు ఇచ్చిన అఫీషియల్ స్టేట్‌మెంట్ చదవండి. ఎమ్మా (EMMA) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎన్ని లాట్లు ప్లాన్ చేశారు, ఎన్ని ఇళ్లు అయ్యాయి, డెవలపర్‌కు ఇంకా ఎంత బాకీ, పెద్ద టాక్స్‌పేయర్లు ఎవరు అన్నీ ఉంటాయి. పెద్ద టాక్స్‌పేయర్ల పట్టికలో పైన డెవలపర్, బిల్డర్ల పేర్లే ఉంటే డిస్ట్రిక్ట్ ఇంకా వాళ్ల మీదే ఆధారపడి ఉందన్నమాట. వందల పేజీల డాక్యుమెంట్, కానీ మొదటి పాతిక పేజీలు చాలు. ఐదు లక్షల డాలర్ల ఇంటికి ఒక సాయంత్రం పెట్టడం ఎక్కువేం కాదు.

పిడ్ వేరే జంతువు

పిడ్‌ను లోకల్ గవర్నమెంట్ కోడ్ 372వ అధ్యాయం కింద సిటీ లేదా కౌంటీ ఏర్పాటు చేస్తుంది. ఇదీ రోడ్లకు, పైపులకు, పార్కులకు డబ్బిస్తుంది. కానీ ఇది పన్ను కాదు, అసెస్‌మెంట్. మీ లాటుకు వచ్చే లాభాన్ని బట్టి వాటా నిర్ణయిస్తారు. దాన్ని వడ్డీతో వాయిదాల్లో కట్టొచ్చు, లేదా ఎప్పుడైనా ఒకేసారి తీర్చేయొచ్చు. తీర్చేస్తే ఆ పనుల బాకీ మీ ఇంటి మీద ఉండదు. మడ్‌లో ఈ వీలు లేదు. మీ వాటా ఇచ్చేసి బయటపడతానంటే ఎవరూ తీసుకోరు.

ఇలా ముందే మొత్తం తేల్చిన పిడ్‌కు ఇంటి విలువతో సంబంధం లేదు. ధర పెరిగినా వాయిదా పెరగదు, పడిపోయినా తగ్గదు. మే 15లోపు అప్రైజల్ (పన్ను కోసం కట్టిన ఇంటి విలువ) మీద ప్రొటెస్ట్ వేసి విలువ తగ్గించుకుంటే మడ్ పన్ను తగ్గుతుంది, పిడ్‌లో సెంటు కూడా తగ్గదు. సొంతిల్లయితే పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదన్న హోమ్‌స్టెడ్ నియమం మడ్‌కు వర్తిస్తుంది. 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన 1,40,000 డాలర్ల హోమ్‌స్టెడ్ మినహాయింపు మాత్రం స్కూల్ పన్నుకే. మడ్ రేటును దాదాపు పూర్తి విలువ మీద లెక్కేసుకోవడం మంచిది.

ఫెడరల్ టాక్స్ దగ్గర ఇంకో తేడా వస్తుంది. ఐటమైజ్ చేసేవాళ్లు, అంటే మినహాయింపులను విడివిడిగా చూపేవాళ్లు, మడ్ పన్నును సాధారణంగా ప్రాపర్టీ టాక్స్‌గా చూపించుకోవచ్చు. పిడ్‌లో రోడ్లు, పైపులు వేసిన ఖర్చు తీర్చే భాగానికి ఆ వీలుండదు, వడ్డీ, నిర్వహణ భాగాలను విడిగా చూపగలిగితే తప్ప. స్టేట్, లోకల్ పన్నుల పరిమితి 10,000 డాలర్లుగా ఉన్న రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎలాగూ నిండిపోయేది. 2025లో ఆ పరిమితి 40,000కు పెరిగింది, సుమారు ఐదు లక్షల డాలర్ల ఆదాయం దాటినవాళ్లకు క్రమంగా తగ్గుతుంది. ఇద్దరూ ఐటీలో ఉండి పెద్ద హోమ్ లోన్ ఉన్న ఇంట్లో ఈ తేడా ఏటా కొన్ని వందల డాలర్లు తేవచ్చు. మీ సీపీఏని (టాక్స్ అకౌంటెంట్‌ని) అడగండి.

పిడ్ నోటీసు కూడా కాంట్రాక్ట్‌కు ముందే ఇవ్వాలని 2021 సెప్టెంబర్ నుంచి చట్టం గట్టిగా చెబుతోంది. అయినా రీసేల్ ఇళ్లలో పిడ్ కనబడకుండా పోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్లో పన్నుల జాబితాలో అది చాలాసార్లు ఉండదు. సిటీ వెబ్‌సైట్లో ఆ పిడ్ సర్వీస్ అండ్ అసెస్‌మెంట్ ప్లాన్ తాజా కాపీ తీసి, మీ లాటు రకానికి మిగిలిన అసలు ఎంతో చూడండి. లిస్టింగ్‌లో “పిడ్ ఏడాదికి ఇంత” అని మాత్రమే ఉంటే మీకు అసలు సంగతి తెలియనట్టే.

రెండూ లేని సిటీ ఇల్లు

దీని గురించి చెప్పాల్సింది తక్కువ. లోపలి రోడ్ల ఖర్చు, సిటీ వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజులు డెవలపర్ లాటు ధరలో కలిపేస్తాడు. మీరు దాన్ని హోమ్ లోన్ రూపంలో కడతారు. పెద్ద రోడ్లకు సిటీ బాండ్లు అమ్మినా ఆ భారం ఊరంతా పంచుకుంటుంది, పాత ఇళ్లూ షాపులూ ఆఫీసులూ కలిపి. అందుకే రేటు స్థిరంగా ఉంటుంది. ఇబ్బందల్లా ఇలాంటి కొత్త ఇళ్లు దొరకడమే. దొరికినా చిన్న లాటుకు పెద్ద ధర.

ఒక లెక్క

అంకెలు ఊహించినవే, మీవి వేసుకుని చూడండి. స్కూల్, కౌంటీ పన్నులు మూడింటికీ ఒకే రేటు అనుకుందాం. సిటీ ఇల్లు 4,80,000 డాలర్లు, సిటీ పన్ను వంద డాలర్ల విలువకు 50 సెంట్లు: ఏడాదికి 2,400. నగరం బయట మడ్ ఇల్లు 4,50,000, మడ్ 85 సెంట్లు: 3,825. అక్కడ ఫైర్, ఆంబులెన్స్ కోసం ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ మరో 10 సెంట్లు వేస్తే ఇంకో 450. మొత్తం 4,275. పిడ్ ఉన్న సిటీ ఇల్లు 4,50,000: సిటీ పన్ను 2,250, పిడ్ వాయిదా 1,900, మొత్తం 4,150.

మడ్ ఇల్లు సిటీ ఇంటికన్నా ఏడాదికి 1,875 డాలర్లు ఎక్కువ అడుగుతోంది. కానీ 30,000 డాలర్ల ధర తేడాకు 6.5 శాతం వడ్డీతో 30 ఏళ్ల లోన్ వాయిదా ఏడాదికి సుమారు 2,275. దాని మీద స్కూల్, కౌంటీ పన్నులు అదనం. నెలవారీ చేతినుంచి పోయే డబ్బు చూస్తే మడ్ ఇల్లే చవక. అయితే లోన్ వాయిదాలో కొంత అసలు తీరుతుంది, ఇల్లు అమ్మితే ఆ 30,000లో చాలావరకు తిరిగి రావచ్చు. మడ్ పన్ను తిరిగి రాదు. ఇప్పుడు రోడ్డు బాండ్ల తర్వాత మడ్ 1 డాలర్ 5 సెంట్లకు పోయిందనుకోండి, ఏడాదికి ఇంకో 900. చవకతనం అక్కడితో ఆవిరైపోతుంది. అదే పాత మడ్‌లో 45 సెంట్లు ఉంటే, సిటీ పన్ను కూడా లేదు కాబట్టి, మూడింట్లో అదే గెలుస్తుంది. జనం మడ్ అనగానే భయపడి ఇలాంటి ఇళ్లను వదిలేస్తుంటారు. నా దృష్టిలో రీసేల్ మార్కెట్లో బాగా బేరమాడగలిగినవి ఇవే.

నగరం లోపల కూడా మడ్‌లు ఉంటాయని మర్చిపోకండి. అక్కడ సిటీ పన్ను, మడ్ పన్ను రెండూ కట్టాలి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో బ్రాజోస్ నది కట్టల కోసం లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పన్ను మడ్‌తో పాటు పడొచ్చు. డెంటన్ కౌంటీలో కొన్ని చోట్ల ఇదే పనిని ఫ్రెష్ వాటర్ సప్లై డిస్ట్రిక్ట్ అనే పేరుతో చేస్తారు. “ఇక్కడ మడ్ లేదు” అని సేల్స్ ఆఫీసులో చెప్పింది అక్షరాలా నిజమే కావచ్చు, అలాంటప్పుడు పన్నుల జాబితా మొత్తం అడగండి.

ఎవరికి ఏది

మూడు నాలుగేళ్లలో ఉద్యోగం మారి వెళ్లిపోయే అవకాశం ఉంటే కొత్త మడ్ వద్దు. రేటు ఎత్తులో ఉన్న ఏళ్లన్నీ మీరు కట్టి, తగ్గే సమయానికి అమ్మేస్తారు. అదీగాక పక్కనే బిల్డర్ కొత్త ఇళ్లు అమ్ముతూ ఉంటాడు, మీ రీసేల్‌కు పోటీగా. పిల్లలు హైస్కూల్ అయ్యేదాకా అక్కడే ఉంటామనుకునేవాళ్లకు, సగానికి పైగా ఇళ్లు కట్టేసిన మడ్ మంచి ఎంపిక. చేతిలో నగదు ఉండి, స్టాక్స్ అమ్మగలిగి, వడ్డీ అంటే చిరాకు ఉన్నవాళ్లకు పిడ్ బాగుంటుంది: వడ్డీ రేటు మీ హోమ్ లోన్ కన్నా ఎక్కువుంటే అసలు తీర్చేయండి, అమ్మేటప్పుడు “పిడ్ కట్టేశాం” అని రాసుకోవచ్చు. నెలవారీ ఖర్చు ఊహించని విధంగా పెరిగితే తట్టుకోలేని స్థితిలో ఉంటే, ఇల్లు చిన్నదైనా సిటీదే తీసుకోండి. అద్దెకివ్వడానికి కొనేవాళ్లకు మడ్ పన్ను అద్దె ఆదాయంలోంచి ఖర్చుగా పోతుంది, ఫెడరల్ టాక్స్‌లోని ఆ స్టేట్, లోకల్ పన్నుల పరిమితి అక్కడ లేదు. పిడ్ అసలు భాగం మాత్రం ఇల్లు కొన్న ఖరీదుకు కలుస్తుంది తప్ప ఆ ఏడాది ఖర్చుగా రాదు.

హెచ్‌1బీ, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి కూడా ఆలోచించుకోవాలి. మడ్ డైరెక్టర్ల ఎన్నికలో, బాండ్ల ఎన్నికలో ఓటు అమెరికా పౌరులకే. మన వాళ్లు సగం ఉన్న కాలనీలో బోర్డును నలుగురు ఎన్నుకోవడం ఇలాగే జరుగుతుంది. ఓటు లేకపోయినా బోర్డు మీటింగ్‌కు వెళ్లొచ్చు, అజెండాలోని అంశం మీద మాట్లాడొచ్చు. 2019 నుంచి జనాన్ని మాట్లాడనివ్వడం బోర్డు బాధ్యత. చాలా మీటింగులు పని రోజు మధ్యాహ్నం, ఊళ్లో ఉన్న లాయర్ ఆఫీసులో పెడతారు. రేటు ఖరారు చేసే మీటింగు ఒక్కదానికైనా సెలవు పెట్టి వెళ్లండి.

“కొన్నేళ్లలో సిటీ కలిపేసుకుంటుంది, మడ్ పోతుంది” అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. షుగర్ ల్యాండ్ 2017 డిసెంబర్‌లో గ్రేట్‌వుడ్, న్యూ టెరిటరీలను ముందున్న ఒప్పందాల ప్రకారం కలుపుకుంది, అలా జరిగితే మడ్ అప్పు సిటీ తలకెత్తుకుంటుంది. కానీ 2017, 2019 చట్టాల తర్వాత అక్కడి వాళ్ల అనుమతి లేకుండా సిటీలు కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. రాతపూర్వక ఒప్పందం చూపిస్తే తప్ప ఆ మాటకు ధర కట్టకండి.

కొత్త ఇల్లు తీసుకునేవాళ్లు ఎస్క్రో (పన్ను కోసం లెండర్ నెలనెలా వసూలు చేసి పెట్టే డబ్బు) సంగతి ముందే లెక్కలో పెట్టుకోండి. పన్ను విలువ జనవరి 1 నాటి స్థితిని బట్టి ఉంటుంది. ఆ రోజుకు అక్కడ ఖాళీ లాటు ఉంటే మొదటి ఏడాది బిల్లు కొన్ని వందల డాలర్లే వస్తుంది. రెండో ఏడాది పూర్తి ఇంటి విలువ మీద వస్తుంది, లెండర్ ఎస్క్రో షార్టేజ్ అని ఉత్తరం పంపి నెలకు ఐదారు వందలు పెంచుతాడు. హ్యూస్టన్ వైపు మడ్ బిల్లు కొన్నిసార్లు వేరే కలెక్టర్ దగ్గర్నుంచి విడిగా వస్తుంది, అది లెండర్‌కు చేరిందో లేదో డిసెంబర్‌లోనే ఫోన్ చేసి కనుక్కోండి. గడువు జనవరి 31.